పనామా కాలువ ఓడలో క్యాబిన్ ఎడమా, కుడా? నాలుగుసార్లు వెళ్ళొచ్చినవాడి జవాబు

అమ్మా, మీ ప్రశ్న ఇదీ: ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో ఫ్లోరిడాలో ఓడెక్కి పనామా కాలువ మీదుగా లాస్ ఏంజెలెస్ వెళ్తున్నారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారికి 73. బాల్కనీ గది తీసుకోక తప్పదా, తీసుకుంటే ఎడమవైపా కుడివైపా, కాలువ దాటే రోజు ఎక్కడ కూర్చుంటే బాగా కనిపిస్తుంది?

ముందు అసలు మాట చెప్పేస్తాను. క్యాబిన్‌ను కాలువ కోసం ఎంచుకోకండి. కాలువ ఒక్కరోజే, మిగతా పదమూడు పద్నాలుగు రోజులూ సముద్రమే. గది ఆ రోజుల కోసం చూసుకోండి. కాలువ రోజు ఎలాగూ గదిలో ఉండరు, ఉండకూడదు కూడా.

ఈ సంగతి నాకు డబ్బు పోయాక తెలిసింది. నేను గోదావరి డెల్టావాణ్ణి, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ధవళేశ్వరం లాకుల్లో (గేట్లు మూసి, నీళ్ళు నింపో వదిలో పడవను ఎత్తే, దించే తొట్లు) పడవలు దించడం, ఎక్కించడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి పనామా లాకులు చూడాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక ఆ పిచ్చి తీరింది, రెండుసార్లు పూర్తిగా, రెండుసార్లు సగం దాకా వెళ్ళొచ్చాను. మొదటిసారి ట్రావెల్ ఏజెంటు "కాలువ చూడ్డానికి ఇంతకంటే మంచి గది లేదు సార్" అని అదనంగా డబ్బు తీసుకుని ఎడమవైపు ఒక బాల్కనీ అంటగట్టాడు. ఆ రోజు పొద్దున్నే కాఫీ కప్పుతో బాల్కనీలో కూర్చున్నాను. అట్లాంటిక్ వైపు గటూన్ లాకుల్లోకి ఓడ వెళ్ళగానే నా ఎదురుగా ఏముంది? తడిసిన సిమెంటు గోడ. నీళ్ళు నిండి ఓడ పైకి లేచాక గోడ పోయింది, దాని బదులు పక్క లాకులో ఉన్న సరుకు ఓడ పొట్ట వచ్చింది. గంటసేపు ఆ తుప్పు మరకలు చూసి, చివరికి కుర్చీ వదిలి పైకి పరిగెత్తాను. అక్కడ జనమంతా ముందే చేరి కేరింతలు కొడుతున్నారు.

అలా ఎందుకయిందో చెబితే మీకు గది సంగతి సులువుగా అర్థమవుతుంది. 1914 నాటి పాత లాకుల్లో (కొత్తవీ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత) ఒక్కో తొట్టి వెడల్పు 33.5 మీటర్లు, పొడవు 305 మీటర్లు. అందులో పట్టే ఓడ వెడల్పు 32.3 మీటర్ల దాకా ఉంటుంది. అంటే అటు ఇటు రెండేసి అడుగులే సందు. పైగా లాకులు జంటగా, పక్కపక్కన రెండు వరసలుగా ఉంటాయి. మీ ఓడ ఏ వరసలోకి వెళ్తుందో ఆ పూట కాలువవాళ్ళు చెప్పేదాకా కెప్టెన్‌కూ తెలియదు. లాకుల ముందు మధ్యగోడ మీద ఒక పెద్ద బాణం గుర్తు ఉంటుంది, అది ఎటు తిరిగితే అటు. ఎడమ వరసలోకి వెళ్తే ఎడమ బాల్కనీకి ఒడ్డు, గడ్డి, పనివాళ్ళు కనిపిస్తారు. కుడి వరసలోకి వెళ్తే అదే బాల్కనీకి మధ్యగోడా, పక్క ఓడా. ఈ లాటరీకి ఎవరు డబ్బు కడతారు?

లాకులు వదిలేస్తే మిగతా దారిలో ఏ వైపు ఏముందో మాత్రం ఖాయంగా చెప్పొచ్చు. డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో, పోర్ట్ అంటే ఎడమ, స్టార్‌బోర్డ్ అంటే కుడి, ఓడ ముక్కు వైపు మొహం పెట్టి నిలబడితే. మీరు వెళ్ళేది అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు. అట్లాంటిక్ తూర్పున, పసిఫిక్ పడమట కాబట్టి ఓడ పడమటికి పోతుందని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ దేశం అక్కడ పడుకున్న పాములా మెలిక తిరిగి ఉంటుంది, కాలువ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి తవ్వారు. పసిఫిక్ వైపు ద్వారం అట్లాంటిక్ ద్వారానికి తూర్పున ఉంటుంది! దీనివల్ల ఎండ లెక్క మారిపోతుంది. ఫిబ్రవరిలో పొద్దున పది, పదిన్నర దాకా ఎండ ఓడకు ముందు నుంచి, కాస్త ఎడమగా వస్తుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా కుడివైపే మాడుతుంది. మధ్యాహ్నం ఎడమవైపు నీడ.

చూడాల్సినవి కూడా ఎడమవైపే ఎక్కువ. మొదట్లోనే 2016లో తెరిచిన కొత్త అగువా క్లారా లాకులు దూరంగా ఎడమన కనిపిస్తాయి. చాగ్రెస్ నది కాలువలో కలిసే గంబోవా ఊరు, అక్కడి రైలు వంతెన, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి అమెరికా పట్టుకొచ్చిన టైటాన్ అనే పెద్ద తేలే క్రేను, కొండను చీల్చి తవ్విన కులెబ్రా కోతలో గోల్డ్ హిల్, పసిఫిక్ వైపు మీరాఫ్లోరెస్ లాకుల దగ్గర జనం కిక్కిరిసిన సందర్శకుల భవనం, చివర్లో పనామా సిటీ ఆకాశహర్మ్యాలు, అన్నీ ఎడమే. కుడివైపు గటూన్ ఆనకట్ట, సరస్సులో బారో కొలరాడో దీవి, కాంట్రాక్టర్స్ హిల్, పసిఫిక్ వైపు కొత్త కొకోలీ లాకులు.

అయితే ఎడమ తీసుకోమంటారా అంటే, మీ ప్రయాణానికి వద్దంటాను. ఎందుకంటే కాలువ దాటాక ఓడ వాయవ్యంగా తిరిగి మధ్య అమెరికా, మెక్సికో తీరం వెంట కాలిఫోర్నియా దాకా వెళ్తుంది. ఆ వారం రోజులూ నేల కుడివైపు ఉంటుంది. కోస్టారికా కొండలు, రాత్రిళ్ళు తీరంలో దీపాలు కనిపించినప్పుడల్లా కుడివైపే. పైగా ఆ దారిలో మధ్యాహ్నం ఎండ ఎడమ బాల్కనీల మీద పడుతుంది, కుడివైపు చల్లగా ఉంటుంది. మీ అమ్మగారు సాయంత్రం పూట బాల్కనీలో టీ తాగుతూ కూర్చోవాలంటే కుడివైపే సుఖం. కాలువ రోజు ఎడమ కావాలంటే డెక్ మీద ఎడమకు నడవొచ్చు. వారం రోజుల ఎండను మాత్రం పక్కకు జరపలేం.

ఇదే ప్రయాణం తిరగేసి కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఉంటే, ఎడమ కుడి రెండూ తారుమారు చేసుకుని చదువుకోండి. ఇక ఫ్లోరిడాలో బయల్దేరి గటూన్ సరస్సు దాకా ఎక్కి, అక్కడే తిరిగి కరీబియన్‌కు వచ్చేసే సగం ప్రయాణాల్లో ఏ వైపైనా ఒకటే. పోతూ ఒక ఒడ్డు, వస్తూ రెండో ఒడ్డు, ఒకే బాల్కనీలోంచి రెండూ కనిపిస్తాయి. ఆ ప్రయాణాల్లో చాలామంది సరస్సులో దిగి బస్సెక్కి టూర్లకు పోతారు. ఓడ తిరిగి లాకులు దిగేటప్పుడు వాళ్ళు ఉండరు, ఖాళీ డెక్ మీద మీరు రాజులా నిలబడి చూడొచ్చు. మా ఆవిడా నేనూ రెండుసార్లూ దిగలేదు, అదే మంచిదయింది.

ఇప్పుడు గది సంగతి. మోకాళ్ళ నొప్పి అన్నారు కాబట్టి మొదట చూడాల్సింది లిఫ్టు. పెద్ద ఓడ పొడవు మూడు వందల మీటర్లకు దగ్గరగా ఉంటుంది. చివరి గది దొరికితే భోజనానికి వెళ్ళొచ్చేసరికే అమ్మగారు అలిసిపోతారు. ఓడ మధ్యలో, లిఫ్టుకు నాలుగైదు గదుల దూరంలో తీసుకోండి, లిఫ్టు ఎదురుగా మాత్రం వద్దు, రాత్రంతా మాటలు వినిపిస్తాయి. మధ్యలో తీసుకోవడానికి ఇంకో కారణం ఊపు. ఫిబ్రవరిలో కొలంబియా తీరం దగ్గర కరీబియన్‌లో గాలి గట్టిగా ఉంటుంది, కార్టహేనా ఆగుదల ఉన్న ఓడల్లో ఆ రాత్రి గ్లాసులు జరుగుతాయి. పసిఫిక్ వైపు పాపగాయో, తెహువాంతెపెక్ అనే చోట్ల చలికాలంలో కొండల సందుల్లోంచి దూసుకొచ్చే గాలులు ఇంకా పేరుమోసినవి. ఉయ్యాల చివర కంటే కొయ్య దగ్గర ఊపు తక్కువ కదా, ఓడ కూడా అంతే. మధ్యలో, మరీ పైకి కాకుండా ఉన్న గది పెద్దవాళ్ళకు మంచిది.

బాల్కనీ తప్పదా అంటే, కాలువ కోసం తప్పదనను, మీ అమ్మగారి కోసం తీసుకోమంటాను. నడవలేని రోజున గాలి, వెలుతురు గదికే వస్తాయి. కానీ బాల్కనీల్లో రెండు రకాలున్నాయని ఏజెంట్లు చెప్పరు. పై అంతస్తుల్లో కటకటాల బదులు అద్దం ఉంటుంది, కూర్చుని కూడా బయటికి చూడొచ్చు. కింది అంతస్తుల్లో కొన్ని బాల్కనీలు ఓడ ఇనుప గోడకే కిటికీ కోసినట్టుంటాయి, నడుం దాకా ఇనుము అడ్డం. నిలబడితేనే కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అలాంటి బాల్కనీ ఇవ్వడమంటే పాయసం గిన్నె చూపించి చెంచా దాచడమే. బుక్ చేసేముందు ఆ గది నంబరుకు ఫొటో వెతికి చూడండి. లైఫ్‌బోటు అడ్డమొచ్చే గదులు కూడా కొంచెం చవగ్గా అమ్ముతారు, డెక్ ప్లాన్‌లో వాటికి గుర్తు ఉంటుంది. కొన్నిటిలో బోటు కిందికుండి బయట బాగానే కనిపిస్తుంది, కొన్నిటిలో కిటికీ నిండా పసుపు రంగు బోటే.

ప్రొమెనేడ్ డెక్, అంటే ఓడ చుట్టూ నడిచే అంతస్తు, మీద కిటికీ గదులు చవగ్గా ఉంటాయి, బాగుంటాయి కూడా. కానీ కాలువ రోజు జనమంతా మీ కిటికీకి వీపు ఆనించి నిలబడతారు, అది గుర్తుంచుకోండి. ఓడ వెనక కొసన ఉండే బాల్కనీలకు అభిమానులు చాలామంది. లాకులు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు వెనక్కి కనిపించే మెట్ల దృశ్యం వాళ్ళ గదిలోకే వస్తుంది, రెండు ఒడ్లూ కనిపిస్తాయి. నాకూ ఇష్టమే. కాకపోతే లిఫ్టుకు దూరం, ఇంజన్ అదురు ఉంటుంది, ఒక్కోసారి మసి రాలుతుంది. ముందు కొసన ఉండే గదులకు రాత్రిపూట పరదాలు తప్పకుండా వేయమంటారు, కెప్టెన్ కళ్ళకు వెలుతురు తగలకూడదని. మీ విషయంలో రెండూ వద్దు. ఇంకొకటి, గదిని కంపెనీయే తర్వాత కేటాయించే "గ్యారంటీ" టికెట్లు చవగ్గా కనిపిస్తాయి. కుర్రాళ్ళు తీసుకోవచ్చు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముట్టుకోవద్దు.

కిటికీ లేని లోపలి గది తీసుకుని మిగిలిన డబ్బు ఇంకోదానికి వాడుకుందామంటే, మీ గదికి అది మంచి ఆలోచనే. అమ్మానాన్నలకు బాల్కనీ, దానికి ఎదురుగానే మీకు లోపలి గది. మా అబ్బాయి మా కోసం అలాగే చేశాడు. ఓడ ముక్కు దగ్గర కెమెరా పెట్టి గదిలో టీవీలో రోజంతా చూపిస్తారు కూడా.

గది కంటే ముందు మీరు చూడాల్సింది ఒకటుంది: ఓడ ఏ లాకుల్లోంచి వెళ్తుంది? వెడల్పు 32.3 మీటర్ల కంటే ఎక్కువుంటే కొత్త లాకులే గతి. కొత్త తొట్లు 55 మీటర్ల వెడల్పు, 427 మీటర్ల పొడవు. ఇంజనీరుగా అవి నాకు గొప్పే. గేట్లు గోడలోంచి పక్కకు జారుతూ వస్తాయి, పక్కనున్న చెరువుల్లో నీళ్ళు దాచి దాదాపు 60 శాతం మళ్ళీ వాడుకుంటారు. కానీ చూడ్డానికి పాత లాకులే సరదా. అక్కడ గోడ చేతికి అందేంత దగ్గర. గేట్లు మన పాత ఇళ్ళ జంట తలుపుల్లా తెరుచుకుంటాయి, ఒక్కో రెక్క మందమే రెండు మీటర్లు, 1914 నాటి ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. ఓడను గోడలకు తగలకుండా తాళ్ళతో పట్టుకుని పట్టాల మీద నడిచే చిన్న రైలింజన్లుంటాయి, వాటిని మ్యూల్స్ అంటారు, కంచర గాడిదలన్నమాట. ఒక తొట్టి నుంచి పై తొట్టికి అవి ఏటవాలు పట్టా మీద గంట కొట్టుకుంటూ ఎక్కుతుంటే పిల్లలూ పెద్దలూ ఒకేలా నవ్వుతారు. మొదటి తాడు అందుకోవడానికి ఇద్దరు మనుషులు చిన్న తెడ్ల పడవలో ఎదురొస్తారు. అంత పెద్ద ఓడకు అంత చిన్న పడవ! కొత్త లాకుల్లో ఇవేవీ లేవు, టగ్ బోట్లే ముందూ వెనకా పట్టుకుంటాయి. అందుకే కొంచెం పాతదైనా చిన్న ఓడ తీసుకోమంటాను. కొనేముందు ఓడ వెడల్పు చూడండి, కంపెనీని కూడా అడగండి. పాత లాకుల్లో పట్టే ఓడను కూడా ఎప్పుడైనా కొత్తవాటిలోంచి పంపొచ్చు, కాబట్టి రాసివ్వరు, ఎక్కువసార్లు ఎటు వెళ్తుందో చెబుతారు.

ఇక ఆ రోజు ఎక్కడ నిలబడాలి. ఇది తీరిగ్గా చెబుతాను, దీనికోసమే కదా వెళ్ళేది.

చీకటితోనే లేవండి. ఐదు, ఐదున్నరకు దూరంగా లంగరేసిన ఓడల దీపాలు ఊరు ఊరంతా సముద్రం మీద ఉన్నట్టు కనిపిస్తాయి. తర్వాత 2019లో కట్టిన అట్లాంటిక్ వంతెన కిందుగా వెళ్తారు. మామూలు రోజుల్లో తాళం వేసి ఉండే ముందు డెక్కును చాలా ఓడల్లో ఆ పూట జనానికి తెరుస్తారు. అక్కడ తొక్కిసలాట ఉంటుంది. అమ్మగారిని అక్కడికి తీసుకెళ్ళకండి. ముందురోజు సాయంత్రమే పై అంతస్తుల్లో ముందుకు అద్దాలున్న లాంజ్ చూసి పెట్టుకోండి, పొద్దున ఐదున్నరకే నాన్నగారు పేపరు పట్టుకుని అక్కడ రెండు కుర్చీలు పట్టేస్తే సరి. ఏసీ, నీడ, పక్కనే బాత్రూం. అద్దంలోంచి ఫొటోలు సరిగ్గా రావు, అంతే లోటు.

గటూన్‌లో మూడు తొట్లు, మొత్తం 26 మీటర్లు ఎక్కుతారు, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. నేనయితే మూడు తొట్లనూ మూడు చోట్ల నుంచి చూడమంటాను. మొదటి తొట్టి పైనుంచి, ముందువైపు. గేట్లు తెరుచుకోవడం, ముందున్న ఓడ అంతెత్తున మెట్టు మీద నిలబడి ఉండటం అక్కడ నుంచే తెలుస్తుంది. రెండో తొట్టి వచ్చేసరికి కింద ప్రొమెనేడ్ డెక్ మీదికి దిగండి. గోడ పక్కనే ఉంటుంది, నీళ్ళు నిండుతుంటే ఓడ లేస్తున్నట్టు అనిపించదు, గోడే కుంగిపోతున్నట్టుంటుంది. ఎనిమిది పది నిమిషాల్లో ఆ పని అయిపోతుంది, ఒక్క పంపు లేదు, అంతా సరస్సులోంచి దానంతటదే పారిన నీరే. మూడో తొట్టికి ఓడ వెనక కొసకు వెళ్ళండి. వెనక గేట్లు మూసుకుంటుంటే, ఎక్కొచ్చిన రెండు మెట్లు, వాటి వెనక కింద ఎక్కడో అట్లాంటిక్ సముద్రం కనిపిస్తాయి. ఇంత పైకి వచ్చామా అనిపించేది అక్కడే. జనమంతా ముందు డెక్ మీదే ఉంటారు కాబట్టి వెనక పదిమంది కూడా ఉండరు. అమ్మగారికి ఒక్కచోటే చూపించగలమంటే ఈ వెనక చోటే చూపించండి, లిఫ్టు దిగగానే కుర్చీలుంటాయి.

ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోలేను కాబట్టి ఒక లెక్క. పాత లాకుల్లో ఒక ఓడ ఇటు నుంచి అటు దాటడానికి దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రంలో కలుస్తుంది. మన భాషలో ఒక టీఎంసీ నీటితో 140 ఓడలు దాటతాయి. అదే సరస్సు పనామా సిటీకి తాగునీరు కూడా. అందుకే 2023 కరువులో రోజుకు 36 దాకా దాటే ఓడలను 25 లోపుకు తగ్గించాల్సి వచ్చింది. డెల్టా రైతులకు ఆఖరి తడి కోసం కాలువ వంతులు వేసిన రోజులు గుర్తొచ్చాయి నాకు.

గటూన్ దాటాక రెండు మూడు గంటలు సరస్సు. చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టి నింపిన సరస్సు అది, దీవులన్నీ మునిగిన కొండల శిఖరాలే. పచ్చగా బాగుంటుంది, కానీ ఒక అరగంట చూస్తే చాలు. అందరూ పన్నెండింటికి భోజనానికి ఎగబడతారు. మీరు పదిన్నర, పదకొండుకే తినేసి అమ్మగారిని ఓ గంట పడుకోనివ్వండి. శాకాహారమైతే ఓడెక్కిన రోజే చెప్పి ఉంచండి, కాలువ రోజు వంటవాళ్ళు వినే స్థితిలో ఉండరు.

గంబోవా వస్తోందని మైకులో వినగానే లేపండి. అక్కడ నుంచి కులెబ్రా కోత మొదలు, సుమారు 13 కిలోమీటర్లు. కొండను నిలువునా చీల్చిన చోటు ఇది. ఫ్రెంచివాళ్ళు 1881లో మొదలుపెట్టి చేతులెత్తేశారు, వాళ్ళ కాలంలో ఇరవై వేలకు పైగా మనుషులు పోయారంటారు. 1904 నుంచి అమెరికావాళ్ళు తవ్వినప్పుడు లెక్కకెక్కిన చావులే 5,609, ఎక్కువమంది బార్బడోస్, జమైకాల నుంచి వచ్చిన కూలీలు. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్), మలేరియా, విరిగిపడిన కొండచరియలు. గోల్డ్ హిల్ దగ్గర మెట్లు మెట్లుగా చెక్కిన రాయి చూస్తే ఆ శ్రమ అర్థమవుతుంది. ఇక్కడ ఓడ ఎడమవైపు, మధ్య అంతస్తులో, పైన కప్పున్న చోట నిలబడండి. మధ్యాహ్నం ఒంటిగంట ఎండకు ఎడమే నీడ అని చెప్పాను కదా. పైడెక్ మీద మాత్రం నెత్తి మాడుతుంది. టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా, ఫోను అద్దాలు బయట మసకేస్తాయి, పావుగంట ముందే బయట పెట్టండి.

పెడ్రో మిగెల్ లాకుల్లో ఒక మెట్టు దిగుతారు. అక్కడ కొత్తగా ఏమీ లేదు, కూర్చుని చూడండి. మీరాఫ్లోరెస్‌లో రెండు మెట్లు. అక్కడికి వచ్చేటప్పటికి ఎడమవైపు కటకటాల దగ్గర చేరండి. సందర్శకుల భవనం అంతస్తుల నిండా జనం ఉండి చేతులూపుతారు, ఓడ వాళ్ళూ ఊపుతారు, ఎవరు ఎవరిని చూడ్డానికి వచ్చారో తెలియదు. చివరి గేట్లు మిగతా వాటికంటే ఎత్తు, పసిఫిక్ ఆటుపోటు ఐదారు మీటర్లుంటుంది కాబట్టి. అట్లాంటిక్ వైపు అరమీటరు కూడా ఉండదు.

ఇండియాలో చుట్టాలకు ముందే చెప్పి పెట్టండి. కాలువ సంస్థ వెబ్‌సైటులో లాకుల దగ్గర లైవ్ కెమెరాలున్నాయి. పనామా మనకంటే పదిన్నర గంటలు వెనక. మీరు గటూన్‌లో పొద్దున ఏడింటికి ఉంటే ఇక్కడ సాయంత్రం ఐదున్నర, అందరూ హాయిగా చూడొచ్చు. మీరాఫ్లోరెస్ చేరేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది. రెండోసారి వెళ్ళినప్పుడు మా అన్నయ్య అమలాపురంలో కూర్చుని మా ఓడ చూశాడు. నేను ఎర్ర తువ్వాలు ఊపాను, కనిపించిందని ఇప్పటికీ అంటాడు, నాకు నమ్మకం లేదు.

నాలుగు గంటల ప్రాంతంలో బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్ వస్తుంది, 1962లో కట్టింది. పోటు వేళ నీటికీ వంతెనకూ మధ్య 61 మీటర్లే. ఓడ పొగగొట్టం తగులుతుందేమోనని పైడెక్ మీద అందరూ తలలు వంచుకుంటారు. అప్పటికి ఎండ తగ్గుతుంది, ఇక్కడొక్కచోట మాత్రం అమ్మగారిని కూడా పైకి తీసుకెళ్ళండి. వంతెన దాటగానే ఎడమవైపు పనామా సిటీ కనిపిస్తుంది.

కాగితాల గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. అమ్మానాన్నల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, దారిలో వేరే దేశాలు తాకి మళ్ళీ అమెరికాలో దిగుతారు కాబట్టి. ఓడ ఆగే ప్రతి దేశానికీ భారత పాస్‌పోర్టు నియమాలేమిటో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. పనామా, కొలంబియా రెండూ భారత ప్రభుత్వం పచ్చజ్వరం ఉన్న దేశాలుగా చూసే జాబితాలో ఉన్నాయి. అక్కడ నుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లాస్ ఏంజెలెస్ చేరేసరికే ఆ గడువు మామూలుగా దాటుతుంది, అయినా తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. అరవై దాటినవాళ్ళు ఆ టీకా డాక్టరును అడగకుండా వేయించుకోకూడదు.

ఓడ పేరు, వాళ్ళు చూపించిన గది నంబర్లు రాయండి, డెక్ ప్లాన్ చూసి లిఫ్టు ఎంత దూరమో, బాల్కనీ అద్దానిదో ఇనుముదో చెబుతాను. పూర్తి డబ్బు కట్టే గడువు రాకముందే రాయండి, అది దాటాక గది మార్చమంటే వాళ్ళు వినరు.